ప్రశ్న కష్టమైనదా, అమూర్తమైనదా? పరీక్షపత్రం తయారుచేసే ఉపాధ్యాయులకు ఒక పద్ధతి

తొమ్మిదో తరగతికి యూనిట్ టెస్టు పత్రం రాయడానికి కూర్చున్న ఉపాధ్యాయుడు సాధారణంగా ఒకే సంగతి ఆలోచిస్తాడు: ఈ లెక్క పిల్లలకు సులభమా, కష్టమా? ఆ ఒక్క ఆలోచనలో నిజానికి రెండు వేరువేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. లెక్కలో ఎన్ని మెట్లు ఉన్నాయి, ఎన్ని సంగతులను ఒకేసారి గుర్తుంచుకుంటూ ముందుకు పోవాలి అన్నది కాఠిన్యతకు సంబంధించినది. ఆ లెక్క కంటికి, చేతికి అందే వస్తువుల గురించి చెబుతోందా, లేక వట్టి గుర్తుల గురించి చెబుతోందా అన్నది అమూర్తతకు సంబంధించినది. అనంతపురం జిల్లా ఉన్నత పాఠశాలల్లో చాలా ఏళ్లుగా గణితం చెబుతున్న నేను ఈ రెండింటినీ విడదీసి చూడటం ఆలస్యంగానే నేర్చుకున్నాను. విడదీసిన తరువాత అదే తరగతిలోని అదే పిల్లల మార్కులే నాకు వేరే విధంగా అర్థం కావడం మొదలుపెట్టాయి. గణితాన్ని ఉదాహరణగా తీసుకుని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. భౌతిక శాస్త్రానికీ, సాంఘిక శాస్త్రానికీ చిన్న మార్పులతో ఇది పనికివస్తుంది.

ముందుగా ఒకే లెక్కను నాలుగు రూపాల్లో చూడండి. "సంతలో 3 కిలోల బుడ్డలు (వేరుశనగ కాయలు) కొని, ఇంటికి రావడానికి ఆటోకు 50 రూపాయలు ఇచ్చాను. మొత్తం 410 రూపాయలు ఖర్చయింది. కిలో బుడ్డల ధర ఎంత?" ఇది మొదటి రూపం. "ఒక సంఖ్యను 3తో గుణించి, 50 కలిపితే 410 వస్తుంది. ఆ సంఖ్య ఏది?" ఇది రెండోది. "3ఎక్స్ + 50 = 410 అయితే ఎక్స్ విలువ కనుగొనండి" అన్నది మూడోది. ఇక 3, 50, 410 ఉన్న చోట్ల ఏ, బీ, సీ అనే అక్షరాలు ఉంచి, ఎక్స్‌ను ఆ మూడింటిలో వ్యక్తపరచమనడం నాలుగోది. నాలుగింటిలోనూ చేయవలసిన పని ఒక్కటే: ముందు తీసివేయాలి, తరువాత భాగించాలి. మెట్లు రెండే. మారినదల్లా రూపం.

దీనికి ఎదురుగా, పూర్తిగా మూర్తమైన విషయమే అయినా కష్టమైన లెక్క ఎలా ఉంటుందో చూడండి. "ఒక రైతు 2 టన్నుల 350 కిలోల చీనీ (బత్తాయి) కాయలను మార్కెట్టుకు తెచ్చాడు. టన్నుకు 100 కిలోల చొప్పున సూటు తీసివేశారు. మిగిలిన కాయలకు టన్నుకు 18,000 రూపాయల చొప్పున లెక్క కట్టారు. బండి బాడుగ 1,500 రూపాయలు పోను రైతు చేతికి ఎంత వచ్చింది?" సూటు, అంటే తూకంలో తీసివేసే బరువు, 235 కిలోలు; మిగిలినవి 2,115 కిలోలు, వాటి ఖరీదు 38,070 రూపాయలు, బాడుగ పోను 36,570 రూపాయలు. ఇందులో ఎక్స్ లేదు, అక్షరాలు లేవు; అయినా టన్నులను కిలోలుగా మార్చడం మొదలుకొని బాడుగ తీసివేయడం వరకు అయిదారు మెట్లు ఉన్నాయి, ఏ ఒక్క మెట్టు తప్పినా జవాబు తప్పుతుంది. నిత్యజీవితం నుంచి తీసుకున్న లెక్క కాబట్టి ఇది సులభమైన ప్రశ్న అని పత్రంలో మొదట పెట్టే పొరపాటు నేనూ చేశాను.

పరిశోధనలు ఏమి చూపాయి

మాటల్లో ఇచ్చిన పద సమస్యలు పిల్లలకు కష్టమనీ, వాటినే సమీకరణంగా రాసి ఇస్తే సులభమనీ మనలో చాలామంది నమ్ముతాము. అమెరికాలో మిచెల్ నాథన్, కెన్నెత్ కోడింగర్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో అక్కడి ఉపాధ్యాయులు కూడా ఇదే మాట చెప్పారు. కానీ అదే ఇద్దరు పరిశోధకులు 2004లో ప్రచురించిన పనిలో, ఉన్నత పాఠశాల విద్యార్థులు ప్రాథమిక బీజగణితపు లెక్కలను కథగా ఇచ్చినప్పుడే ఎక్కువసార్లు సరిగా చేశారని, సమీకరణంగా ఇచ్చినప్పుడు ఎక్కువసార్లు తప్పారని తేలింది. కథలో ఇచ్చినప్పుడు పిల్లలు సమీకరణం రాయకుండానే, 410లో ఆటో డబ్బులు పోతే మిగిలింది బుడ్డలకే కదా అని వెనుక నుంచి లెక్కించుకుంటూ వస్తారు. ఆ దారి సమీకరణంలోనూ ఉన్నా అది వారి కంటికి కనిపించదు. గుర్తులతో ఏళ్ల తరబడి కాపురం చేసిన మనకు గుర్తులే స్పష్టంగా కనిపిస్తాయి కాబట్టి, పిల్లలకూ అలాగే ఉంటుందని అనుకుంటాము.

అయితే ఇంతటితో ఆగిపోతే సగమే తెలుసుకున్నట్టు. కోడింగర్, మార్తా అలీబాలి, నాథన్ కలిసి 2008లో ప్రచురించిన మరో అధ్యయనంలో, తెలియని రాశి ఒకే లెక్కలో రెండు చోట్ల వచ్చే చిక్కు లెక్కల విషయంలో ఫలితం తారుమారైంది. అక్కడ కథ కంటే సమీకరణమే సులభంగా ఉంది. కారణం ఊహించుకోవచ్చు. లెక్క చిన్నదైతే తెలిసిన వస్తువులు ఆలోచనకు ఊతమవుతాయి. లెక్క పెద్దదైతే ఆ వస్తువులే మనసులో చోటు ఆక్రమిస్తాయి, అప్పుడు క్లుప్తమైన గుర్తు బరువు దించుతుంది. కాబట్టి మూర్తమైనదంతా సులభమనీ, అమూర్తమైనదంతా కష్టమనీ ఒకే సూత్రం పెట్టుకోవడానికి వీలులేదు. మెట్ల సంఖ్యను బట్టి రూపం పనిచేసే తీరు మారుతుంది.

డి.ఎడ్., బి.ఎడ్.లలో పియాజే చెప్పిన పిల్లల ఆలోచన ఎదిగే దశలు చదివిన మనకు, పదకొండేళ్లు దాటితే నియత ప్రచాలక దశ వస్తుంది కాబట్టి హైస్కూలు పిల్లలకు అమూర్త ఆలోచన వచ్చేసి ఉంటుందన్న ధీమా ఒకటి ఉంటుంది. ఇంగ్లాండులో పీటర్ వాసన్ 1966లో పరిచయం చేసిన నాలుగు కార్డుల సమస్య ఆ ధీమాను బాగానే సడలించింది. అక్షరాలు, అంకెలు ఉన్న కార్డుల్లో వేటిని తిప్పి చూస్తే ఇచ్చిన నియమం నిజమో కాదో తెలుస్తుందని అడిగితే, చదువుకున్న పెద్దవారిలోనూ చాలా కొద్దిమందే సరిగా చెప్పగలిగారు. 1982లో రిచర్డ్ గ్రిగ్స్, జేమ్స్ కాక్స్ అదే తర్కాన్ని, మద్యం తాగడానికి వయసు నిండిందో లేదో తనిఖీ చేసే పోలీసు పనిగా మార్చి అడిగినప్పుడు, దాదాపు నాలుగింట మూడు వంతుల మంది సరిగా చేశారు. పెద్దల విషయమే ఇలా ఉంటే, పద్నాలుగేళ్ల పిల్లవాడు ఏ, బీ, సీల దగ్గర తడబడితే అతనికి తెలివి లేదని రాసిపెట్టడం న్యాయం కాదు.

వీధి లెక్కల మీద జరిగిన పరిశోధన కూడా మనకు దగ్గరి విషయమే. బ్రెజిల్‌లోని రెసిఫె నగరంలో కొబ్బరికాయలు, పండ్లు వంటివి అమ్మే అయిదుగురు పిల్లలను పరిశోధకులు ముందు బేరంలోనే లెక్కలు అడిగారు, తరువాత అవే లెక్కలను కాగితం మీద ఇచ్చారు. 1985లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం బేరంలో నూటికి 98 వరకు సరైన జవాబులు వస్తే, పద సమస్యలుగా ఇచ్చినప్పుడు 74, వట్టి అంకెలుగా ఇచ్చినప్పుడు 37 వచ్చాయి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో మొదలైనవారు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద చేసి 2025లో ప్రచురించిన అధ్యయనం మరో ముక్క కూడా చెప్పింది: మార్కెట్టు పిల్లలకు బడి లెక్క రాకపోవడం ఎంత నిజమో, బడి లెక్క వచ్చిన పిల్లలకు మార్కెట్టు లెక్క రాకపోవడం కూడా అంతే నిజం. అంటే దారి రెండు వైపులా మూసుకుపోయి ఉంది.

ఇది నా తరగతిలోనే చూశాను. చీనీ తోట ఉన్న ఇంటి పిల్లవాడొకడు శాతాల పాఠంలో ప్రతి స్లిప్ టెస్టులోనూ సున్నా తెచ్చుకునేవాడు. ఒకరోజు విరామంలో తోట సంగతి మాట్లాడుతూ, ఏడు టన్నులకు సూటు ఎంత పోతుందని అడిగితే రెప్ప వేయకుండా ఏడు వందల కిలోలని చెప్పాడు. మరి వంద కిలోల కాయలే తీసుకుపోతే ఎంత పోతుందని అడిగాను. "వందకు పది పోతాది సార్" అన్నాడు. నల్లబల్ల మీద 10 అని రాసి, పక్కన శాతం గుర్తు పెట్టాను. కాసేపు దాన్నే చూసి, "ఇదేనా సార్ అది!" అని నవ్వాడు. నేను మూడు వారాలు చెప్పిన పాఠం అతనికి అప్పటికే వచ్చు. రానిది ఆ గుర్తు ఒక్కటే. నా స్లిప్ టెస్టులు ఆ తేడాను ఒక్కసారీ పట్టుకోలేదు.

పత్రం రాసే ముందు: ప్రతి ప్రశ్నకు రెండు అంకెలు

మనం పత్రానికి ముందు వేసే ప్రణాళికలో, అంటే బ్లూప్రింటులో, సాధారణంగా పాఠ్యాంశానికి, విద్యా ప్రమాణానికి, ప్రశ్న రకానికి భారత్వం ఇస్తాము. కాఠిన్యతకు సులభం, సాధారణం, కఠినం అనే మూడు గడులు ఉంటాయి. ఆ మూడు గడులను పక్కన పెట్టి, ప్రతి ప్రశ్న ఎదుట మార్జిన్‌లో రెండు అంకెలు రాయండి. మొదటి అంకె మెట్ల సంఖ్య: జవాబును మీరే పూర్తిగా రాసి, విద్యార్థి తీసుకోవలసిన ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మెట్టుగా లెక్కించండి. మనసులో చేసి లెక్కించవద్దు. మనకు అలవాటైపోయిన మెట్లు మనకు కనిపించవు. రెండో అంకె రూపం: పైన చూపిన బుడ్డల లెక్క తరహాలో వస్తువులతో ఉంటే 1, మాటల్లోని సంఖ్యలతో ఉంటే 2, గుర్తులు సంఖ్యలు కలిసి ఉంటే 3, వట్టి గుర్తులు లేదా సాధారణీకరణ ఉంటే 4. బొమ్మ ఇచ్చిన రేఖాగణిత ప్రశ్నను నేను 2గా, బొమ్మను విద్యార్థే ఊహించుకుని గీసుకోవలసిన దాన్ని 3గా లెక్కిస్తాను.

బుడ్డల లెక్క 2–1 అవుతుంది, దాని సమీకరణం 2–3, అక్షరాలతో ఉన్నది 2–4. చీనీ లెక్క 6–1. ఇలా అంకెలు వేసి చూసుకుంటే మీ పాత పత్రాల గురించి కొన్ని ఇబ్బందికరమైన సంగతులు బయటపడతాయి. నా పాత పత్రాల్లో ఒక మార్కు ప్రశ్నలు దాదాపు అన్నీ 1–4గా, ఎనిమిది మార్కుల ప్రశ్నలు అన్నీ 5–3గా తేలాయి. అంటే వస్తువులతో ఆలోచించగలిగిన విద్యార్థికి నా పత్రంలో అడుగు పెట్టడానికి చోటే లేదు.

అంకెలు వేశాక పాటించవలసిన నియమం ఒకటే: మెట్లు పెంచిన చోట రూపాన్ని తగ్గించండి, రూపాన్ని పెంచిన చోట మెట్లు తగ్గించండి. కొత్తగా గుర్తుల భాష నేర్పుతున్నప్పుడు 1–4, 2–3 వంటి చిన్న ప్రశ్నలే ఉండాలి. దీర్ఘమైన సమస్య సాధన పరీక్షిస్తున్నప్పుడు ముందు 4–1, 5–2 ఉండాలి. రెండూ ఒకేసారి పెరిగిన 5–4 ప్రశ్నలో విద్యార్థి తప్పితే ఎందుకు తప్పాడో మీరు చెప్పలేరు. అలాంటిది పత్రానికి ఒకటి చాలు, అది కూడా చివర ఉండాలి. ఇక్కడ ఒక సందేహం వస్తుంది: పబ్లిక్ పరీక్ష పత్రంలో 12 ఒక మార్కు ప్రశ్నలు, 8 రెండు మార్కులవి, 8 నాలుగు మార్కులవి, 5 ఎనిమిది మార్కులవి ఉంటాయి కదా, వాటి రూపం మన చేతిలో ఉండదు కదా అని. నిజమే. పదో తరగతి రెండో సగంలో ఆ నమూనాలోనే సాధన చేయించక తప్పదు. కానీ తొమ్మిదిలోనూ, పది మొదటి సగంలోనూ స్లిప్ టెస్టు పూర్తిగా మన చేతిలోనిదే. 35 మార్కుల గీత దగ్గర నిలబడిన పిల్లల కోసం అక్కడ చేసిన పని మార్చిలో కనిపిస్తుంది.

జంట ప్రశ్నల స్లిప్ టెస్టు

ఈ పద్ధతిలో అన్నింటికంటే ఉపయోగపడే భాగం ఇది. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ఒకే పాఠ్యాంశం నుంచి మూడు లెక్కలు ఎంచుకోండి. ఒక్కోదాన్ని రెండు రూపాల్లో రాయండి: ఒకటి రూపం 1, మరొకటి రూపం 3. మెట్ల సంఖ్య రెండింటిలోనూ ఒకటే ఉండాలి. సంఖ్యలు మాత్రం వేరుగా ఉండాలి, లేకపోతే ఒకదాని జవాబు రెండోదానికి ఎక్కించేస్తారు. సంఖ్యలు వేరైనా వాటి బరువు సమానంగా ఉండాలి. ఒకదానిలో 360ని 3తో భాగించమని, రెండోదానిలో 357ను 17తో భాగించమని ఇస్తే మీరు పరీక్షించేది రూపాన్ని కాదు, భాగహారాన్ని. మొత్తం ఆరు ప్రశ్నలు. సగం తరగతికి కథలు ముందు వచ్చేలా, మిగిలిన సగానికి సమీకరణాలు ముందు వచ్చేలా రెండు వరుసల్లో ఇవ్వండి.

దిద్దేటప్పుడు మార్కులు కలపవద్దు. ఒక్కో విద్యార్థి పేరు ఎదుట రెండు అంకెలు రాయండి: మూర్త ప్రశ్నల్లో మూడింటికి ఎన్ని, అమూర్త ప్రశ్నల్లో మూడింటికి ఎన్ని. కాగితాలు వాటంతట అవే నాలుగు కుప్పలుగా విడిపోతాయి. రెండు రకాలూ సరిగా చేసినవారికి అదే లెక్క నాలుగో రూపంలో ఇవ్వండి, వారిని ఖాళీగా కూర్చోబెట్టవద్దు. రెండూ తప్పినవారి విషయంలో రూపం గురించి ఆలోచించవలసిన పని లేదు; వారికి తీసివేతలోనో భాగహారంలోనో ఉన్న పాత ఖాళీ పూడ్చాలి.

అసలు సమాచారం మధ్యలోని రెండు కుప్పల్లో ఉంటుంది. మూర్తం వచ్చి అమూర్తం రానివారు మా వైపు బడుల్లో తక్కువేమీ ఉండరు. మామూలు పత్రంలో వీరు, ఏమీ రానివారితో కలిసి ఒకే గంపలో పడిపోతారు. వీరికి పాఠం మళ్లీ మొదటి నుంచి చెప్పడం వృథా. వీరికి కావలసింది వంతెన, ఆ వంతెన రెండో రూపం. తాము సరిగా చేసిన బుడ్డల లెక్కనే ముందు పెట్టి, అందులోంచి బుడ్డలు తీసేసి "ఒక సంఖ్య" అనిపించాలి, తరువాత ఆ "ఒక సంఖ్య" తీసేసి ఎక్స్ అనిపించాలి. చేతితో చేయడం, బొమ్మగా చూడటం, గుర్తుగా రాయడం అని జెరోమ్ బ్రూనర్ 1966లో చెప్పిన వరుస ఇదే. వస్తువును ఒక్కసారిగా లాగేయకుండా, మెల్లమెల్లగా వెలసిపోనివ్వాలి. వస్తువుల దగ్గరే ఆగిపోవడం కూడా మంచిది కాదు. బుడ్డల లెక్కతో నేర్చుకున్నది బుడ్డలకే అతుక్కుపోతే కొత్త సందర్భంలో పనికిరాదు. కామిన్‌స్కీ, స్లౌట్‌స్కీ, హెక్లర్ 2008లో కళాశాల విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, అమూర్త ఉదాహరణతో నేర్చుకున్నవారే కొత్త చోట ఆ సూత్రాన్ని బాగా వాడగలిగారు. ఆ ప్రయోగం మీద తరువాత వాదోపవాదాలు జరిగినా, దాని హెచ్చరిక విలువైనదే.

సమీకరణం వచ్చి కథ రానివారు నాలుగో కుప్ప. వీరిలో ఎక్కువమంది పద్ధతిని బట్టీ పట్టినవారో, ప్రశ్న చదివి అర్థం చేసుకోలేనివారో అయి ఉంటారు. ఎవరు ఏ రకమో తెలుసుకోవడానికి ఆస్ట్రేలియా ఉపాధ్యాయురాలు ఆన్ న్యూమన్ 1977లో ప్రతిపాదించిన అయిదు ప్రశ్నల వరుస ఇప్పటికీ నాకు తెలిసిన వాటిలో ఉత్తమమైనది. పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, తప్పు చేసిన ప్రశ్ననే మళ్లీ ముందు పెట్టి, ఇది చదువు అనాలి. ఏమి కనుక్కోమంటున్నారో నీ మాటల్లో చెప్పు అనాలి. ఎలా చేస్తావో చెప్పు అనాలి. చేసి చూపించు అనాలి. చివరికి జవాబును వాక్యంగా రాయమనాలి. ఎక్కడ ఆగిపోతాడో అక్కడే జబ్బు ఉంది. మధ్యలో సాయం చేయకుండా ఉండటమే ఇందులో కష్టం. మన నోరు ఊరుకోదు.

సందర్భం ఎంచుకోవడం, భాష చూసుకోవడం

ప్రశ్నను మూర్తంగా మార్చాలని ఉత్సాహపడి స్థానిక విషయం ఏదో ఒకటి తెచ్చి పెడితే కొత్త అన్యాయం జరుగుతుంది. చీనీ లెక్కలోని "సూటు" తోటల ఊళ్ల పిల్లలకు అరచేతిలో ఉసిరికాయ, అనంతపురం పట్టణంలో పుట్టి పెరిగిన పిల్లకు మాత్రం అది ఎక్స్ కంటే అమూర్తమైన మాట. సూటు అంటే తూకంలో తీసివేసే కాయల బరువు అని ప్రశ్నలోనే ఒక వాక్యం రాయాలి, లేదా ఆ మాటే వాడకూడదు. ధర్మవరం బడిలో మగ్గం మీది పోగుల లెక్క, కర్నూలు బడిలో కె.సి. (కర్నూలు–కడప) కాలువ నీటి లెక్క, ఆదోని బడిలో పత్తి క్వింటాళ్ల లెక్క అక్కడి పిల్లలకు చక్కగా నప్పుతాయి; మండలమంతటికీ ఒకే పత్రం తయారుచేస్తున్నప్పుడు అవే లెక్కలు కొందరికి మెట్టు, కొందరికి గోడ. అందరికీ సమానంగా తెలిసిన సందర్భాలు అనుకున్నన్ని ఉండవు. నేను తరచుగా బడి భోజనం దగ్గరికే పోతాను: ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం చొప్పున 240 మందికి ఎన్ని కిలోలు కావాలి అంటే, ప్రతి పిల్లకూ ఆ గిన్నె, ఆ వరుస కళ్ల ముందు ఉంటాయి. 36 కిలోలని చెప్పాక, ఇవాళ 30 మంది రాలేదని ఒక మెట్టు కలపవచ్చు, రేపు కూడా రాకపోతే అని మరో మెట్టు కలపవచ్చు.

భాష సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. మన పుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉంటున్నాయి; పరీక్ష ఇంగ్లీషులో రాసే పిల్లలకు పద సమస్యలో లెక్క కంటే ముందు వాక్యమే అడ్డుపడుతుంది. తెలుగు మాధ్యమంలోనూ ఊరట లేదు. అంకశ్రేఢి, వ్యస్తం, లఘుకోణం, అపవర్తనం వంటి మాటలు ఇంటి తెలుగులో ఎక్కడా వినిపించవు. పరీక్షించదలచుకున్నది ఆ పదమే అయితే సరే, కాకపోతే వాక్యాన్ని విప్పి రాయండి. "కానిది కానిదేది", "కింది వానిలో అసత్యం కానిది" వంటి రెట్టింపు నిషేధాలు పిల్లల గణితాన్ని కాదు, ఓపికను పరీక్షిస్తాయి. వాటిని కొట్టివేయడానికి సందేహించవద్దు.

ఇక ప్రశ్నల వరుస. ఒకప్పుడు నేను తయారుచేసిన అర్ధసంవత్సర పత్రంలో మొదటి ప్రశ్నగా ఒక నిరూపణ పెట్టాను. నా అంకెల్లో చెప్పాలంటే 4–4. తరగతిలో బాగా చదివే ఒక అమ్మాయి ఇరవై నిమిషాల పాటు ఆ ప్రశ్న దగ్గరే కలం పట్టుకుని కూర్చుంది. నేనే ఇన్విజిలేటర్‌ని, చూస్తూనే ఉన్నాను, ఆలోచిస్తోందిలే అనుకున్నాను. కాగితం దిద్దేటప్పుడు చూస్తే మొదటి పేజీ నిండా కొట్టివేతలు ఉన్నాయి, చివరి పేజీ మార్జిన్‌లో ఎనిమిది మార్కుల లెక్కకు సరైన జవాబు పెన్సిలుతో చిన్న అక్షరాల్లో ఉంది, దాన్ని శుభ్రంగా రాయడానికి సమయం చాలలేదు. ఆ 8 మార్కులు ఆమెకు రాక పోగొట్టుకున్నవి కావు, నేను పెట్టిన వరుస వల్ల పోయినవి. అప్పటి నుంచి ప్రతి విభాగాన్నీ మెట్లు, రూపం రెండూ తక్కువగా ఉన్న ప్రశ్నతోనే మొదలుపెడుతున్నాను. మొదటి 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చే పరీక్షల్లో, చేయగలిగిన ప్రశ్నలకు టిక్కు పెట్టుకుని అక్కడి నుంచే మొదలుపెట్టడం కూడా పిల్లలకు విడిగా నేర్పవలసిన విద్యే.

దిద్దిన తరువాత

పత్రం ఎలా పనిచేసిందో తెలుసుకోవడానికి అంశ విశ్లేషణ చేయాలి. పేరు పెద్దది, పని చిన్నది. 40 మంది తరగతి అనుకోండి. కాగితాలను మొత్తం మార్కుల వరుసలో పేర్చి, పైనుంచి 27 శాతం, కిందినుంచి 27 శాతం తీసుకోండి, అంటే 11, 11. ఈ 27 శాతం లెక్క ట్రూమన్ కెల్లీ 1939లో సూచించినది. ఒక ప్రశ్నను పై గుంపులో 8 మంది, కింది గుంపులో 3 మంది సరిగా చేశారనుకుందాం. మొత్తం 22 మందిలో 11 మంది, అంటే కాఠిన్యతా సూచిక 0.50 (సరిగా చేసినవారి వంతు ఇది; ఎక్కువైతే ప్రశ్న సులభమని అర్థం). రెండు గుంపుల తేడా 5, దాన్ని 11తో భాగిస్తే విచక్షణా సూచిక 0.45 (బాగా చేసేవారిని, చేయలేనివారిని ప్రశ్న ఎంతగా విడదీస్తుందో ఇది చెబుతుంది). కాఠిన్యత 0.30 నుంచి 0.70 మధ్య, విచక్షణ 0.40 పైన ఉంటే ఆ ప్రశ్నను దాచుకోదగినదిగా లెక్కిస్తారు. పైవారిలో 10 మంది, కిందివారిలో 9 మంది చేసిన ప్రశ్నకు కాఠిన్యత 0.86, విచక్షణ 0.09, పత్రం మొదట్లో ధైర్యం కోసం ఒకటి రెండు అలాంటివి ఉండవచ్చు, అంతే. దీర్ఘ సమాధాన ప్రశ్నలకైతే సగటు మార్కును గరిష్ఠ మార్కుతో భాగించండి: 8 మార్కుల ప్రశ్నకు సగటు 3.2 వస్తే 0.40. నాలుగు ఐచ్ఛికాల బహుళైచ్ఛిక ప్రశ్నల్లో గుడ్డిగా గుర్తు పెట్టినా నాలుగింట ఒకటి తగులుతుంది కాబట్టి, అక్కడ 0.50 కంటే 0.60 దాటిన ప్రశ్ననే మధ్యరకంగా భావించాలి.

ఈ సూచికను చదివేటప్పుడే చాలామంది పొరబడతారు. 0.25 వచ్చిన ప్రశ్నను చూసి, కఠినమైనది అని రాసి, వచ్చే ఏడు తీసేస్తారు. సూచిక ఎంతమంది తప్పారో చెబుతుంది గానీ ఎందుకు తప్పారో చెప్పదు. మార్జిన్‌లో రాసుకున్న రెండు అంకెలు ఇప్పుడు పనికొస్తాయి. 0.25 వచ్చిన 2–4 ప్రశ్నను తీసేయకూడదు. దాన్నే 2–2గా మార్చి మరోసారి ఇచ్చి చూడాలి. 0.60కి పెరిగితే పిల్లలకు లెక్క వచ్చు, గుర్తు రాలేదు. అదే 0.25 ఒక 6–1 ప్రశ్నకు వస్తే రూపం మార్చి లాభం లేదు, మధ్యలో ఒక ఉపప్రశ్న పెట్టి దాన్ని రెండుగా విరవాలి: "అ) సూటు పోను ఎన్ని కిలోలు? ఆ) వాటి ఖరీదు ఎంత?" అలా విరిచిన తరువాత కూడా మార్పు లేకపోతే, సమస్య లెక్కలో కాదు, మాటలో ఉంది, న్యూమన్ ప్రశ్నలకు పోవాలి.

పైవారిలో 3 మంది, కిందివారిలో 4 మంది చేసిన ప్రశ్నకు విచక్షణ రుణాత్మకంగా, −0.09గా వస్తుంది. ఆశ్చర్యపోకండి, ముందు మీ జవాబుల కీ చూడండి. కీ సరిగానే ఉంటే ప్రశ్న వాక్యాన్ని పక్క ఉపాధ్యాయునితో చదివించి, అతను ఏమి అర్థం చేసుకున్నాడో అడగండి. బాగా చదివే పిల్లలు రెండు అర్థాలూ గమనించి ఆగిపోయి ఉంటారు, మిగిలినవారు ఒకే అర్థం తీసుకుని ముందుకు పోయి ఉంటారు. అలాంటి ప్రశ్నకు అందరికీ మార్కులు కలపడమే సబబు.

ఇన్ని లెక్కలకు సమయం ఎక్కడిదన్నది న్యాయమైన ప్రశ్న. ప్రతి పరీక్షకూ చేయనక్కరలేదు; టర్ముకు ఒక జంట స్లిప్ టెస్టు, ఒక పెద్ద పత్రానికి అంశ విశ్లేషణ చాలు. నేను ఒక పొడవాటి రిజిస్టరులో ప్రశ్న, దాని రెండు అంకెలు, తరగతి, సంవత్సరం, రెండు సూచికలు ఒకే వరుసలో రాసుకుంటాను. నాలుగేళ్ల వరుసలు చేరాక, కొత్త పత్రం రాయడానికి పాఠ్యపుస్తకం కంటే ముందు ఆ రిజిస్టరే తెరుస్తున్నాను. శాతాల పేజీలో సూటు లెక్క పక్కన పట్టణం బడికి ఇవ్వకూడదని ఎర్ర సిరాతో రాసి ఉంది, దాని కిందనే బడి భోజనం లెక్క ఉంది.